వేళ్లకు పన్నెండేళ్లు, పెదాలకు రెండు నెలలు: సాక్సఫోన్ వాళ్లు ఫ్లూట్ పట్టుకున్నప్పుడు

మీరు రాసింది ఇదీ: పన్నెండేళ్లుగా ఆల్టో సాక్సఫోన్ వాయిస్తున్నారు, పెళ్లిళ్ల సీజన్‌లో క్లారినెట్ కూడా పడతారు. ఇప్పుడు ఆర్కెస్ట్రా వాళ్లు ఫ్లూట్ కూడా తెస్తేనే పిలుస్తామంటున్నారు కాబట్టి రెండు నెలల కింద ఒక సెకండ్ హ్యాండ్ ఫ్లూట్ కొన్నారు. వేళ్లు దాదాపు సాక్సఫోన్ లాంటివే కదా అనుకుంటే కింది స్వరాలు గాలి గాలిగా వస్తున్నాయి, పైవి కీచుమంటున్నాయి, పది నిమిషాలకే తల తిరుగుతోంది, పైగా సాక్సఫోన్ టోన్ కూడా పాడవుతుందేమోనని టెన్షన్. మానేయమంటారా అని అడిగారు.

మానేయొద్దు. మీరు రాసిన ప్రతి ఇబ్బందీ నేను పడ్డదే. మా నాన్న బ్యాండులో పదకొండేళ్లప్పుడు క్లారినెట్ పట్టాను, ఇరవై దాటాక ఆల్టో, టెనర్ సాక్సఫోన్లు, ముప్పై రెండేళ్లకు ఫ్లూట్. పద్దెనిమిదేళ్లుగా ఈ వాద్యాలన్నీ ఒకే స్టేజీ మీద మార్చి మార్చి వాయిస్తున్నాను, మీలాగే రీడ్ (ఊదితే కంపించే పలచటి రేకు) ఉన్న వాద్యాల నుంచి వచ్చినవాళ్లకు ఫ్లూట్ నేర్పిస్తున్నాను కూడా. ఇక్కడ ఫ్లూట్ అంటే కీలున్న వెస్టర్న్ ఫ్లూట్. వెదురు వేణువు సంగతి తర్వాత చెప్తాను.

అసలు చిక్కు ఒక్కటే. మీ వేళ్లకు పన్నెండేళ్ల అనుభవం ఉంది, మీ పెదాలకు రెండు నెలల అనుభవమే ఉంది. వేళ్లు పాట వాయించేయగలవు కాబట్టి మీరు మొదటి వారంలోనే పాటలు మొదలుపెట్టి ఉంటారు, ఔనా? అందరూ అదే చేస్తారు, నేనూ అదే చేశాను. ఫ్లూట్‌తోనే సంగీతం మొదలుపెట్టిన పిల్లలు ఆరు నెలలు రెండు మూడు స్వరాల మీదే ఉంటారు, ఆ ఆరు నెలల్లో వాళ్ల పెదాలు కుదురుకుంటాయి. మనం ఆ ఆరు నెలలూ దాటేసి నేరుగా పల్లవి అందుకుంటాం. పాట నడుస్తున్నట్టే ఉంటుంది కానీ పెదాలు ఎలాగోలా శబ్దం తెప్పించే ఒక తప్పుడు పద్ధతికి అలవాటు పడిపోతాయి. తర్వాత దాన్ని విడిపించడానికి రెట్టింపు టైం పడుతుంది.

రీడ్ మీకు ఎంత పని చేసిపెడుతోందో ఒకసారి ఆలోచించండి. సాక్సఫోన్‌లో మౌత్‌పీస్ నోట్లో ఉంటుంది, పై పళ్లు దాని మీద ఆనుతాయి, కింది పెదవి పళ్ల మీదికి మడిచి రీడ్‌కు మెత్త వేస్తాం, గాలి నెడితే రీడ్ ఎదురు తోస్తుంది. ఆ ఎదురు మీద మనం ఆనుకుని ఊదుతాం. ఫ్లూట్‌లో ఎదురు తోసేది ఏమీ లేదు. పెదాల మధ్య నుంచి వచ్చే సన్నటి గాలి ధార హెడ్‌జాయింట్ (ఫ్లూట్‌లో మనం ఊదే పై ముక్క) రంధ్రం అవతలి అంచుకు తగిలి, కాసేపు లోపలికీ కాసేపు బయటికీ ఊగుతూ గొట్టంలోని గాలిని కదిలిస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊది శబ్దం తెప్పించడం లాంటిదే ఇది. అంటే రీడ్, మౌత్‌పీస్, ఆక్టేవ్ కీ (స్వరాన్ని ఒక స్థాయి పైకి తీసుకెళ్లే మీట), ఈ మూడు చేసే పనీ ఇప్పుడు పెదాలే చేయాలి. రీడ్ ఇచ్చే ఎదురు లేకపోయేసరికి మీరు దాన్ని వెతుక్కుంటూ దవడ బిగిస్తారు, పెదాలు నొక్కేస్తారు, లేదంటే ఇంకా గట్టిగా ఊదుతారు. గాలి గాలిగా రావడం, కీచుమనడం, తల తిరగడం మూడూ ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

కాబట్టి ఈ రోజు నుంచి ఒక నెలపాటు పాటలు పక్కన పెట్టండి. హెడ్‌జాయింట్ ఒక్కటే తీసుకోండి. అద్దం ముందు నిలబడి, లిప్ ప్లేట్‌ను (రంధ్రం చుట్టూ పెదవి ఆనే రేకును) కింది పెదవి కింద గడ్డం గుంటలో ఆనించండి. రంధ్రంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కింది పెదవి కప్పాలి, అంతకన్నా వద్దు. పళ్లు ఒకదానికొకటి దూరంగా ఉండాలి, దవడ వదులుగా వేలాడాలి. క్లారినెట్ వాళ్లం గడ్డాన్ని చదునుగా లాగి పెదవి చివరలు బిగించడానికి అలవాటు పడ్డాం, ఇక్కడ ఆ లాగుడు వద్దు, నవ్వుతున్నట్టు పెదాలు సాగదీయడమూ వద్దు. "పూ" అన్నప్పుడు పెదాలు ఎలా విడిపోతాయో అంతే. పెదాల మధ్య సందు చిన్నగా, కోలగా ఉండాలి. మీ పై పెదవి నడిమధ్యలో చిన్న బొట్టులా కిందికి దిగి ఉంటే ఆ సందు కాస్త పక్కకు ఏర్పడుతుంది, అది తప్పు కాదు, దాన్ని బలవంతంగా మధ్యకు తేవాలని చూడకండి.

ఇప్పుడు అవతలి చివర అరచేత్తో మూసి ఊదండి. ఇంచుమించు 440 హెర్ట్జ్ దగ్గరి 'ఏ' (A) స్వరం రావాలి, ఇక్కడ స్వరాలకు ఇంగ్లీషు అక్షరాలే వాడుతున్నాను. చెయ్యి తీసేసి ఊదితే దానికి ఒక స్థాయి పైన 'ఏ' వస్తుంది. మీరు క్లారినెట్ మనిషి కాబట్టి ఇంకోటి చేసి చూడండి, నాకు ఇది చాలా ఇష్టం: చివర మూసి ఉంచి గాలి వేగం పెంచితే స్వరం ఒక స్థాయి పైకి కాదు, పన్నెండో స్వరానికి, అంటే పై 'ఈ' (E)కి ఎగురుతుంది. ఒక పక్క మూసిన సమాన గొట్టం క్లారినెట్‌లాగే ప్రవర్తిస్తుంది, రెండు పక్కలా తెరిచింది ఫ్లూట్. మీ క్లారినెట్‌లో రిజిస్టర్ కీ నొక్కితే ఆక్టేవ్ బదులు పన్నెండో స్వరం ఎందుకు వస్తుందో మీ చేతిలోనే తెలిసిపోతుంది.

రోజుకు ఐదేసి నిమిషాలు మూడు నాలుగు సార్లు ఇంతే చేయండి. ఒకేసారి అరగంట వద్దు. తల తిరిగేది గాలి చాలక కాదు, మరీ ఎక్కువగా, మరీ తొందరగా ఊపిరి వదిలేస్తున్నందుకు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి అలా అవుతుంది. తిరగగానే ఆపి కూర్చోండి, నిలబడి పంతానికి పోవద్దు. సందు చిన్నదయ్యే కొద్దీ గాలి ఆదా అవుతుంది. మొదట్లో ఒక స్వరం ఏడెనిమిది సెకన్లు నిలబడితే గొప్ప, రెండు నెలలకు పదిహేను దాటుతుంది, అప్పటికి తల తిరగడం అదే పోతుంది.

తర్వాత ఫ్లూట్ మొత్తం బిగించి నడిమి బి స్వరంతో మొదలుపెట్టండి, అది చాలా తేలికగా పలుకుతుంది. దాన్ని బాగా నిలబెట్టి, అదే టోన్ చెడకుండా బి ఫ్లాట్‌కు, అక్కడి నుంచి 'ఏ'కు, ఇలా అర స్వరం చొప్పున కిందికి దిగండి. ఎక్కడ టోన్ పలచబడిందో ఆ రోజుకు అక్కడే ఆగండి. కింది సి దాకా చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కింది స్వరాలు గట్టిగా ఊదితే రావు. ధార కాస్త కిందికి వంచి, వెచ్చటి గాలి నెమ్మదిగా పంపితే వస్తాయి. సాక్సఫోన్‌లో కింది బి ఫ్లాట్ కోసం గొంతు తెరుస్తారు చూడండి, ఆ తెరుచుకోవడం ఇక్కడ పనికొస్తుంది.

పై స్థాయి గురించి మీరు ఒక మాట రాశారు, "ఆక్టేవ్ కీ లేకపోతే గట్టిగా ఊదాలి కదా" అని. అక్కడే పొరపాటు. గట్టిగా ఊదితే పై స్వరం వస్తుంది, నిజమే, కానీ కీచుగా, శ్రుతి కన్నా పైకి వస్తుంది, మెల్లగా ఎప్పటికీ వాయించలేరు. పెదాలు కొంచెం ముందుకు తెచ్చి, సందు ఇంకొంచెం చిన్నది చేసి, ధార కాస్త పైకి తిప్పితే అదే గాలితో పై స్థాయి పలుకుతుంది. దీనికి హార్మోనిక్స్‌ను మించిన సాధన లేదు. కింది సి వేళ్లు పెట్టి, వేళ్లు కదపకుండా, పెదాలతోనే పై సి, ఆ పైన జి, ఆ పైన సి, వీలైతే 'ఈ' తెప్పించండి. సాక్సఫోన్‌లో కింది బి ఫ్లాట్ మీద ఓవర్‌టోన్లు చేసినవాళ్లకు ఇది కొత్త కాదు, చేయకపోయి ఉంటే ఇప్పుడు రెండింటి మీదా మొదలుపెట్టండి.

ఇక వేళ్లు. అడాల్ఫ్ సాక్స్ సాక్సఫోన్‌కు 1846లో పేటెంట్ తీసుకున్నారు, జర్మనీకి చెందిన ఫ్లూట్ తయారీదారు బోహ్మ్ మనం ఇప్పుడు వాడే సమాన గొట్టం ఫ్లూట్‌ను 1847లో తెచ్చారు. ఒకే కాలపు పిల్లలు కాబట్టి పోలికలున్నాయి, కానీ ఆ పోలికలే మోసం చేస్తాయి. అన్నిటికన్నా పెద్ద మోసం ఎఫ్ షార్ప్ (ఎఫ్‌కు అర స్వరం పైన). సాక్సఫోన్‌లో కుడి చేతి నడి వేలు, క్లారినెట్ పై స్థాయిలోనూ నడి వేలే. ఫ్లూట్‌లో ఉంగరపు వేలు. నడి వేలు పెట్టినా ఒక స్వరం వస్తుంది, కాకపోతే అది మూగగా, కాస్త దిగి ఉంటుంది, శ్రుతి బాక్స్ పెట్టుకుంటే వెంటనే పట్టేస్తారు. మీ ఎఫ్ షార్ప్ ఎందుకో అందరితో కలవడం లేదన్నారు, నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే.

రెండోది నడిమి డి, 'ఈ' ఫ్లాట్. ఎడమ చూపుడు వేలు లేపాలి. సాక్సఫోన్‌లో అన్ని వేళ్లూ మూసి ఆక్టేవ్ కీ నొక్కేవాళ్లం కాబట్టి ఆ వేలు కిందే ఉండిపోతుంది. స్వరం వస్తుంది, మూసుకుపోయినట్టు వస్తుంది. మూడోది కుడి చిటికెన వేలు. డి, ఇంకా అట్టడుగు స్వరాలు తప్పిస్తే దాదాపు ఎప్పుడూ 'ఈ' ఫ్లాట్ కీ నొక్కి ఉంచాలి. సాక్సఫోన్‌లో ఆ వేలు ఖాళీగా ఉంటుంది, ఫ్లూట్‌లో అది కీ నొక్కడంతో పాటు వాద్యాన్ని నిలబెట్టేవాటిలో ఒకటి. నడిమి సి షార్ప్ వాయించినప్పుడు ఫ్లూట్ చేతుల్లో దొర్లినట్టు అనిపిస్తోందా? మిగతా వేళ్లన్నీ లేచిపోతాయి కాబట్టి పట్టు ఉండదు. ఎడమ చూపుడు వేలి మొదలు, గడ్డం, కుడి బొటన వేలు, ఈ మూడు చోట్ల ఫ్లూట్ ఆనుకుని, చిటికెన వేలు సాయం చేస్తేనే నిలబడుతుంది. మన సాక్సఫోన్ మెడ పట్టీకి వేలాడుతుంది, చేతులకు బరువు మోసే అలవాటే లేదు. సి నుంచి డికి రోజూ వంద సార్లు మెల్లగా మార్చండి, ఆ ఒక్క మార్పులో పట్టు అంతా నేర్చుకోవచ్చు. మూడో స్థాయి వేళ్లు దేనికది వేరు, వాటిని మొదటి ఏడాది తొందరపడి ముట్టుకోనవసరం లేదు.

నాలుక సంగతి ఒక్క మాట. రీడ్‌ను నాలుకతో తాకి ఆపడం మనకు అలవాటు. ఇక్కడ తాకడానికి రీడ్ లేదు, పై పళ్ల వెనక "తు" అనాలి. నాదస్వరం వాళ్ల తుత్తుకారం విని ఉంటారు, అంత గట్టిగా కాదు. వైబ్రాటో (నిలబెట్టిన స్వరాన్ని వణికించడం) కూడా దవడతో చేయకండి, గాలితోనే చేయాలి. దవడ కదిపితే గాలి ధార అంచు తప్పిపోతుంది.

ఇప్పుడు మన ఆర్కెస్ట్రా వాళ్లను నిజంగా దెబ్బతీసే విషయం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని గురించి పెద్దగా కనపడదు, ఎందుకంటే అక్కడ నోట్ చూసి వాయిస్తారు, కాగితం మీద ఏది రాసి ఉంటే ఆ వేళ్లు పెడితే చాలు. మనలో ఎక్కువమందిమి చెవితో వాయిస్తాం. ఆల్టో 'ఈ' ఫ్లాట్ వాద్యం, క్లారినెట్, టెనర్ బి ఫ్లాట్, ఫ్లూట్ సి, అంటే సి వేళ్లు పెడితే ఆల్టోలో 'ఈ' ఫ్లాట్, క్లారినెట్, టెనర్‌లలో బి ఫ్లాట్ వినపడతాయి, ఫ్లూట్‌లో మాత్రమే సి వినపడుతుంది. గాయకుడు "ఈ పాట డి" అనగానే ఆల్టో మీద మీ వేళ్లు ఆలోచించకుండా బికి వెళ్తాయి, టెనర్ అయితే 'ఈ'కి. పన్నెండేళ్లుగా మీ చెవికీ వేళ్లకూ మధ్య పడిన దారి అది. ఫ్లూట్ పట్టుకున్నాక కూడా వేళ్లు అదే దారిలో బి మీదికే పోతాయి, ఎందుకంటే పట్టు దాదాపు అలాగే ఉంది. నా మొదటి ఏడాదిలో ఒక రిసెప్షన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పల్లవి అంతా సాక్సఫోన్ వాయించి చరణం ముందు బిట్‌కు ఫ్లూట్ అందుకున్నాను, మొదటి స్వరమే వేరే శ్రుతిలో పడింది, నాలుగు బార్లు (తాళపు ఆవర్తాలు) ఊదకుండా నిలబడిపోవాల్సి వచ్చింది. ఆ రాత్రి ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

దానికి నేను కనిపెట్టుకున్న మందు ఇది. ఫ్లూట్ మీద స్వరం వాయించేటప్పుడు నోటితో కాకపోయినా మనసులో దాని ఇంగ్లీషు అక్షరం పలకడం. స రి గ మ అనకండి, అవి ఏ వాద్యం మీదైనా ఒకటే కాబట్టి వేళ్లు పాత దారే పడతాయి. హార్మోనియం గానీ కీబోర్డు గానీ పక్కన పెట్టుకుని డి నొక్కి, ఫ్లూట్ మీద డి ఊది, అక్కడి నుంచి తెలిసిన ఒక చిన్న పాట. మరునాడు అదే పాట జి నుంచి, ఆ మరునాడు ఎఫ్ నుంచి. ఒకే పాటను ఒకే శ్రుతిలో ఆల్టో మీద ఒకసారి, ఫ్లూట్ మీద ఒకసారి, వెంటవెంటనే. డి, జి, 'ఏ' శ్రుతుల్లో పాటలు ఆల్టో మీద షార్పులతో నిండి ఉంటాయి, ఫ్లూట్ మీద హాయిగా ఉంటాయి. అది తెలిసే కొద్దీ ఏ పాటకు ఏది అందుకోవాలో మీరే మ్యూజిక్ డైరెక్టర్‌కు చెప్పగలుగుతారు.

శ్రుతి నిలకడలో ఇంకో తిరకాసు ఉంది. క్లారినెట్ గట్టిగా ఊదితే స్వరం దిగుతుంది, సాక్సఫోన్ కూడా చాలావరకు అంతే. ఫ్లూట్ గట్టిగా ఊదితే పైకి పోతుంది, మెల్లగా ఊదితే దిగుతుంది. అంటే చెవి సరిచేయమని చెప్పినప్పుడు మన కండరాలు అలవాటుగా చేసే పని ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. పాట చివరి స్వరం సన్నగా తగ్గిస్తూ వదిలేటప్పుడు ధార కొంచెం కొంచెంగా పైకి తిప్పుతూ ఉండాలి, లేకపోతే స్వరం జారిపోతుంది. ట్యూనర్ ముందు పెట్టుకుని ఒక్క 'ఏ' స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గించండి, ముల్లు కదలకుండా. నాకు ఇప్పటికీ ఇది రోజువారీ పనే.

స్టేజీ మీద మార్చుకోవడం వేరే విద్య. ఏసీ హాల్లో గంటసేపు స్టాండు మీద ఉన్న ఫ్లూట్ చల్లబడి శ్రుతి దిగిపోయి ఉంటుంది. మీ బిట్‌కు ఎనిమిది బార్ల ముందే చేతిలోకి తీసుకుని, కీలన్నీ మూసి, రంధ్రం నోటితో కప్పి వెచ్చటి గాలి చప్పుడు లేకుండా లోపలికి పంపండి. ఇంకో పక్క మీరు ఫ్లూట్ వాయించినంతసేపూ సాక్సఫోన్ రీడ్ ఎండిపోతుంది, అందుకే డబ్లింగ్ (ఒకరే రెండు మూడు వాద్యాలు మార్చి వాయించడం) చేసేవాళ్లలో చాలామంది సింథటిక్ రీడ్లు వాడతారు, నేను క్లారినెట్‌కు అదే వాడతాను. మౌత్‌పీస్ క్యాప్ పెట్టడం మర్చిపోవద్దు. మెడ పట్టీ కొక్కెం ఫ్లూట్ కీలలో ఇరుక్కోకుండా వీపు మీదికి తోసేయండి. కుర్చీ కాస్త కుడికి తిప్పుకుని కూర్చుంటే మెడ నొప్పి రాదు, ఫ్లూట్ చివర పక్కవాళ్లకు తగలదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది పెదవి. గంటసేపు సాక్సఫోన్ వాయించాక కింది పెదవి లోపల పళ్ల గుర్తులు పడి, కాస్త ఉబ్బి, మొద్దుబారి ఉంటుంది. ఆ పెదవితో ఫ్లూట్ అందుకుంటే పొద్దున ఇంట్లో పలికిన స్వరం పలకదు. అందుకని సాధనలో రెండు రకాలు పెట్టుకోవాలి. కొత్తగా నేర్చుకునేది పొద్దున్నే, పెదవి తాజాగా ఉన్నప్పుడు, ఫ్లూట్ ముందు, తర్వాత క్లారినెట్, చివర సాక్సఫోన్. వారంలో రెండు రోజులు మాత్రం కావాలనే తిరగేసి, అరగంట సాక్సఫోన్ గట్టిగా వాయించి వెంటనే ఫ్లూట్ తీసుకుని ఒక్క నిడుపు స్వరం, మళ్లీ సాక్సఫోన్ నాలుగు బార్లు, మళ్లీ ఫ్లూట్. స్టేజీ మీద ఎవరూ మనకు అనుకూలమైన వరసలో పాటలు ఇవ్వరు కదా.

మీ భయం గురించి: ఫ్లూట్ వల్ల సాక్సఫోన్ టోన్ పాడవదు. మొదటి నెలా రెండు నెలలూ పెదాలు తికమకపడి సాక్సఫోన్ కొంచెం వదులుగా అనిపించవచ్చు, మీకు ఇప్పుడు అదే జరుగుతోంది. తర్వాత ఊపిరి పెరుగుతుంది, దవడ కొరుకుడు తగ్గుతుంది, నా టెనర్ టోన్ ఫ్లూట్ నేర్చుకున్నాకే బాగుపడింది. కాకపోతే సాక్సఫోన్ సాధన పూర్తిగా ఆపేసి ఫ్లూట్ మీద పడొద్దు, రోజుకు ఇరవై నిమిషాలైనా అది ఉండాలి.

ఇప్పుడు మీ ఫ్లూట్. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాల్సింది. నా మొదటి ఫ్లూట్ ఒక షాపులో తక్కువ ధరకు కొన్నాను, అన్నీ బాగున్నాయన్నారు. నాలుగు నెలలు కింది స్వరాలు రాక పెదాలదే తప్పనుకుని రోజూ కుమిలిపోయాను. చివరికి ఒక పెద్దాయన తన ఫ్లూట్ నా చేతికిచ్చి ఊదమన్నారు, కింది డి హాయిగా పలికింది. నా దాంట్లో రెండు ప్యాడ్లు (కీల కింద రంధ్రాలను మూసే మెత్తలు) సరిగ్గా మూసుకోవడం లేదు. సాక్సఫోన్‌లో చిన్న లీకు ఉన్నా గట్టిగా నొక్కి ఊది నెట్టుకొస్తాం, ఫ్లూట్ అసలు సహించదు. సిగరెట్ కాగితం సన్నగా కత్తిరించి ఒక్కో ప్యాడ్ కింద పెట్టి, కీ మెత్తగా మూసి లాగండి. కాగితం చుట్టూతా ఒకేలా పట్టుకోవాలి, ఒక వైపు జారిపోతే అక్కడ లీకు ఉన్నట్టే. అలాగే శుభ్రం చేసే కడ్డీ చివర ఒక గీత ఉంటుంది, దాన్ని హెడ్‌జాయింట్‌లోకి పెడితే గీత రంధ్రం సరిగ్గా మధ్యలో కనపడాలి. అక్కడి నుంచి లోపలి కార్క్ దాకా 17 మిల్లీమీటర్లు ఉండాలి, తేడా ఉంటే స్థాయిల మధ్య శ్రుతి కలవదు.

కొత్తది కొనేటట్టయితే డబ్లింగ్ చేసేవాళ్లకు నా సలహా మూసిన కీలు (మధ్యలో రంధ్రం లేనివి), ఆఫ్‌సెట్ జి (ఉంగరపు వేలికి అందేలా కాస్త పక్కకు జరిపిన జి కీ), సి ఫుట్‌జాయింట్ (కింది సి దాకా వెళ్లే చివరి ముక్క), వీలైతే స్ప్లిట్ 'ఈ' (పై 'ఈ' తేలికగా పలికించే ఏర్పాటు). యమహా విద్యార్థి మోడల్ 222 లాంటిది ఏళ్ల తరబడి సరిపోతుంది. రంధ్రాల కీలు చూడ్డానికి బాగుంటాయి, గమకాలకు పనికొస్తాయి కూడా, కానీ సాక్సఫోన్ నుంచి హడావిడిగా మారేటప్పుడు వేలు రంధ్రం మీద సరిగ్గా పడకపోతే స్వరం పోతుంది. ముందు మూసినదే.

మైకు గురించి సౌండ్ వాళ్లు కూడా పొరపాటు పడతారు. సాక్సఫోన్ అలవాటులో మైకును ఫ్లూట్ చివర పెట్టేస్తారు. ఫ్లూట్ శబ్దం పెదాల దగ్గరి రంధ్రం నుంచీ, తెరిచి ఉన్న కీల నుంచీ వస్తుంది. మైకు పెదాల ఎత్తులో, కాస్త పై నుంచి, ఊపిరి నేరుగా తగలకుండా పక్కగా ఉండాలి. కింది స్థాయి అసలే సన్నం, డ్రమ్స్ పక్కన మైకు లేకుండా వినపడదు. మీరు వినపడాలని గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, కాబట్టి సౌండ్ చెక్‌లోనే ఫ్లూట్‌కు వేరే లెవెల్ అడగండి.

వెదురు వేణువు ముందు నేర్చుకుంటే తేలికవుతుందా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. పెదాల వరకు సాయపడుతుంది, వందల రూపాయల్లో దొరుకుతుంది, ప్రయాణంలో కూడా సాధన చేయొచ్చు. కానీ దానికి లిప్ ప్లేట్ లేదు, పెదవి ఆనే కోణం వేరు, వేళ్లు నేరుగా రంధ్రాల మీద జారుతూ గమకం పలికించడం పూర్తిగా వేరే చదువు. కర్ణాటక వేణువు వాయించేవాళ్లు జీవితమంతా పెట్టే చోట మనం ఆరు నెలల్లో డబ్లింగ్ అంటే కుదరదు. పాటలో వేణువు బిట్ వస్తే వేణువు వాయించేవాళ్లనే పిలవమని నేను చెప్తాను. వెస్టర్న్ ఫ్లూట్ కోసం మీకు పిలుపు వస్తోంది, దాని మీదే ఉండండి.

మీలా చేసినవాళ్లు ఎంతమందో. అమెరికా జాజ్ బృందం కౌంట్ బేసీ బ్యాండ్‌లో టెనర్ వాయిస్తూనే ఫ్లూట్‌ను జాజ్‌లో సోలో వాద్యంగా నిలబెట్టిన ఫ్రాంక్ వెస్‌ను వినండి. ఎరిక్ డాల్ఫీ ఆల్టో, బాస్ క్లారినెట్, ఫ్లూట్ మూడింటిలోనూ గొప్పవాడు, మూడింట్లో మూడు వేరే గొంతులు వినపడతాయి. ఫ్లూట్ మీద సాక్సఫోన్ వాయిస్తున్నట్టు ఎక్కడా ఉండదు. మన దగ్గర బొంబాయి సినిమా పాటల్లో సాక్సఫోన్ అంటే మనోహారి సింగ్. ఆయన ఫ్లూట్, క్లారినెట్ నేర్చుకున్నాకే సాక్సఫోన్ పట్టారు, తర్వాత కూడా రికార్డింగుల్లో ఫ్లూట్ వదలలేదు. ఆ వరస తేలిక, ఫ్లూట్ నుంచి వచ్చినవాళ్లకు సాక్సఫోన్ తొందరగా పట్టుబడుతుంది. మనది ఎదురు దారి, అందుకే ఎక్కువ టైం పడుతోంది, మీలో లోపం ఉండి కాదు.

ఎంత టైం అంటే, రోజుకు నలభై నిమిషాలు చేస్తే ఆరు నెలలకు నెమ్మదిగా సాగే చిన్న బిట్లు స్టేజీ మీద ధైర్యంగా వాయించొచ్చు. వేగంగా, పై స్థాయిలో, సాక్సఫోన్ పక్కనే మార్చుకుంటూ వాయించాలంటే రెండేళ్లు. ఆర్కెస్ట్రా వాళ్లకు ఆ మాటే చెప్పండి, మొదట కింది, నడిమి స్థాయిల్లో ఉండే పాటలు మాత్రమే తీసుకోండి. దగ్గర్లో వెస్టర్న్ ఫ్లూట్ నేర్పేవాళ్లు ఎవరైనా ఉంటే నెలకు ఒక్క క్లాసైనా వెళ్లండి, సాక్సఫోన్ మాస్టారు దగ్గరికి కాదు, ఫ్లూట్ మనిషి దగ్గరికే. అద్దంలో మనకు కనపడని పెదవి కోణం వాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది.

ముందు ఆ కాగితం పరీక్ష చేయండి. లీకు ఉంటే సాధన ఆపి ప్యాడ్లు వేయించండి. లేకపోతే హెడ్‌జాయింట్ మూసి ఊదిన 'ఏ' స్వరం పది సెకన్లు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, గాలి ఎక్కడ వృథా అవుతోందో విని చెప్తాను.